ఊరూ పేరూ లేని గీతలు

రెండు నెలల క్రితం ఈ శీర్షికలో సూర్యుడి వెలుగు గురించి రాస్తూ, "నక్షత్రాల మధ్య చీకట్లో రుణావేశం మోసే అణువులు కూడా ఉన్నాయి" అని ఒక్క మాట అన్నాను. ఆ ఒక్క మాటకు వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య ఏ జవాబుకూ రాలేదు. నా ఉద్యోగ జీవితంలో ఇరవై రెండేళ్లు సూక్ష్మతరంగ వర్ణపటాల ప్రయోగశాలలో, ఇలాంటి అణువుల మధ్యే గడిచాయి. అందుకే ఈ సంచికలో స్థలమంతా వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నక్షత్రాల కాంతి, కాస్మిక్ కిరణాలు అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయని చదువుకున్నాం. అలాంటప్పుడు అదనంగా ఒక ఎలక్ట్రాన్‌ను పెట్టుకున్న అణువు అంతరిక్షంలో ఎలా నిలుస్తుంది?

జవాబు: ఈ అనుమానం మీ ఒక్కరిదే కాదు. ధనావేశం ఉన్న నక్షత్రాంతర అణువు 1941 నాటికే గుర్తింపు పొందింది. రుణావేశం ఉన్నది మాత్రం 2006 దాకా ఒక్కటీ దొరకలేదు. అన్నేళ్లు దొరకనిదాన్ని లేనిదనుకోవడం మనుషులకు సహజం.

అణువు అదనపు ఎలక్ట్రాన్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నదే ఇక్కడ అసలు సంగతి. హైడ్రోజన్ పరమాణువును తీసుకోండి. దాని పట్టు 0.75 ఎలక్ట్రాన్ వోల్టులే (అణువుల లోకంలో శక్తిని కొలిచే ప్రమాణం ఇది). సుమారు 1,640 నానోమీటర్ల పరారుణ కాంతి తగిలినా చాలు, ఎలక్ట్రాన్ జారిపోతుంది. ఇక కంటికి కనిపించే వెలుగు ముందు అది నిలిచే ప్రశ్నే లేదు. (సూర్యుడి ఉపరితలంలో ఈ హైడ్రోజన్ రుణ అయాన్లు, అంటే అదనపు ఎలక్ట్రాన్ మోసే పరమాణువులు, క్షణక్షణం పుడుతూ, కాంతిని మింగి చెదిరిపోతూ ఉంటాయని రూపర్ట్ విల్ట్ 1939లో చెప్పాడు. రెండు నెలల క్రితం నేను రాసింది దాని గురించే.)

ఇప్పుడు ఆరు కార్బన్లు వరసగా అతుక్కుని, చివర ఒక హైడ్రోజన్ ఉన్న గొలుసును చూడండి. దీన్ని సి6హెచ్ అందాం. దీని పట్టు దాదాపు 3.8 ఎలక్ట్రాన్ వోల్టులు. లెక్క కడితే 326 నానోమీటర్లు వస్తుంది, అంటే అతినీలలోహితం. కంటికి కనిపించే వెలుగు ఎంత కురిసినా ఆ ఎలక్ట్రాన్ కదలదు. పైగా ఈ అణువులు ఉండేది దట్టమైన ధూళి మేఘాల లోపల. బయటి నక్షత్రాల అతినీలలోహిత కాంతిని ఆ ధూళి గడప దగ్గరే ఆపేస్తుంది.

మరి ఎలక్ట్రాన్ వచ్చి చేరడం ఎలా? నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఇదే. ఎలక్ట్రాన్ అతుక్కున్నప్పుడు కొంత శక్తి మిగులుతుంది. దాన్ని ఎక్కడో వదిలించుకోకపోతే ఎలక్ట్రాన్ వచ్చిన దారినే వెళ్లిపోతుంది. ప్రయోగశాలలోని గాజు గొట్టంలో అయితే పక్కనున్న మరో అణువు ఢీకొని ఆ శక్తిని తీసుకుపోతుంది. నక్షత్రాంతర మేఘంలో ఢీకొనడానికి పక్కన ఎవరున్నారు? వృషభ రాశిలోని టీఎంసీ-1 మేఘంలో ఘన సెంటీమీటరుకు ఉన్నవి పది వేల హైడ్రోజన్ అణువులకు అటూ ఇటూగా. మనం పీల్చే గాలిలో అదే చోటులో ఉండే అణువుల సంఖ్య రాయాలంటే 25 పక్కన పద్దెనిమిది సున్నాలు పెట్టాలి. కాబట్టి ఆ మేఘంలోని అణువు తన బాధ తానే పడాలి. పొడవైన గొలుసుకు కంపించే తీరులు చాలా ఉంటాయి. మిగిలిన శక్తి ఆ కంపనాలన్నింటిలోకీ పంచుకుపోతుంది. ఎలక్ట్రాన్ మళ్లీ తప్పించుకునేలోపు గొలుసు ఆ శక్తిని కాంతిగా బయటకు వదిలేస్తుంది. గొలుసు పొడవుగా ఉంటే ఎలక్ట్రాన్ నిలుస్తుంది, పొట్టిగా ఉంటే జారిపోతుంది. ఈ కారణంతో నక్షత్రాంతర మేఘాల్లో రుణ అయాన్లు దొరకవచ్చని ఎరిక్ హెర్బ్‌స్ట్ 1981లోనే రాశాడు. ఆ మాట నిజమని తేలడానికి పాతికేళ్లు పట్టింది.

ప్రశ్న: నమస్కారం. నేను పదవీ విరమణ చేసిన భౌతికశాస్త్ర ఉపాధ్యాయుణ్ణి. వందల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న అణువు పేరు ఇక్కడి నుంచి ఎలా చెబుతారు? పేరు సరే, దానికి ఉన్నది రుణావేశమేనని ఎలా తేల్చారు? వోల్టుమీటరు పెట్టి చూడలేం కదా.

జవాబు: మాస్టారూ, మీ ప్రశ్నలో రెండో సగం చాలా లోతైనది. అక్కడికి చేరాలంటే ముందు మొదటి సగం చెప్పాలి.

చల్లని మేఘంలో, సున్నాకు 263 సెల్సియస్ డిగ్రీల దిగువన కూడా, అణువులు గిరగిరా తిరుగుతూనే ఉంటాయి. ఒక కొస రుణంగా, ఒక కొస ధనంగా ఉన్న అణువు తిరిగే వేగం ఒక మెట్టు తగ్గినప్పుడు రేడియో తరంగం వెలువడుతుంది. వర్ణపటంలో అది ఒక గీతగా కనిపిస్తుంది. నిటారు గొలుసు లాంటి అణువుకు ఈ మెట్లు ఎంతో క్రమంగా ఉంటాయి. దాని గీతలు ఒక మూల సంఖ్యకు రెండు రెట్లు, నాలుగు రెట్లు, ఆరు రెట్లు, ఎనిమిది రెట్ల దగ్గర, సమాన దూరాల్లో వస్తాయి. ఆ మూల సంఖ్య అణువు బరువు, పొడవుల మీద ఆధారపడుతుంది. ఏ రెండు అణువులకూ అది ఒకటి కాదు. వేలిముద్ర అని అందరూ అంటారు గానీ, నాకు వేలిముద్ర కంటే నిచ్చెన అనడం ఇష్టం. మెట్టుకూ మెట్టుకూ మధ్య దూరం కొలిస్తే నిచ్చెన ఎవరిదో తెలుస్తుంది.

1995లో జపాన్‌లోని నోబెయామా 45 మీటర్ల టెలిస్కోపుతో కవాగుచీ బృందం సింహ రాశిలోని ఐఆర్‌సీ+10216 అనే కార్బన్ నక్షత్రం చుట్టూ ఉన్న వాయువును 28 నుంచి 50 గిగాహెర్ట్జ్ వరకు జల్లెడ పట్టింది. అందులో పేరు తెలియని గీతలు కొన్ని తేలాయి. ఆ వ్యాసం మా ప్రయోగశాలకు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పెన్సిలు తీసుకుని తీసివేతలు మొదలుపెట్టాను. సుమారు 30,291 మెగాహెర్ట్జ్, 33,044, 35,798. తేడా 2,753, తర్వాత 2,754. సగం చేస్తే సుమారు 1,377. ఎంత చక్కని నిచ్చెనో! కవాగుచీ బృందం దానికి పెట్టిన తాత్కాలిక పేరు కూడా అదే, బి1377. గీతలు ఉన్నాయి, క్రమం ఉంది, మనిషి మాత్రం తెలియదు.

ఆ సంఖ్య చాలా చెబుతోంది. ఐదు కార్బన్లు, ఒక నైట్రోజన్, ఒక హైడ్రోజన్ ఉన్న గొలుసుకు మూల సంఖ్య 1,331. మామూలు సి6హెచ్‌కు బి1377తో తేడా ఒక శాతం ప్రాంతంలోనే ఉంటుంది. కాబట్టి ఇది కూడా ఆరు బరువైన పరమాణువుల గొలుసే అయి ఉండాలి. కానీ సి6హెచ్‌లో ఎలక్ట్రాన్ల సంఖ్య బేసి. జత లేకుండా ఒక ఎలక్ట్రాన్ మిగిలిపోతుంది. దానివల్ల ఆ అణువు గీతలు జంటలుగా చీలిపోతాయి. బి1377 గీతలు చీలలేదు, ఒంటిగానే ఉన్నాయి. అంటే ఇందులో ఎలక్ట్రాన్లన్నీ జతపడ్డాయి. సి6హెచ్‌కు ఇంకొక ఎలక్ట్రాన్ ఇచ్చి చూడండి, సరిగ్గా ఆ లక్షణమే వస్తుంది. 2000లో వచ్చిన ఒక సైద్ధాంతిక గణన కూడా బి1377 అంటే సి6హెచ్ రుణ అయాను కావచ్చని సూచించింది.

మాస్టారూ, మీరు అడిగినదానికి సూటి జవాబు ఇదే. గీతను చూసి ఆవేశం నేరుగా చెప్పలేం. సంఖ్య, గీతల రూపం కలిపి చూసి ఊహిస్తాం. ఆ తర్వాత ఆ అణువునే నేల మీద తయారు చేసి, దాని గీతలు కొలిచి, ఆకాశంలోని గీతల పక్కన పెట్టి చూస్తాం. రెండూ కలిస్తేనే పేరు పెట్టే హక్కు వస్తుంది.

నేల మీద తయారు చేయడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు. ఒక పొడవాటి గాజు గొట్టం, రెండు చివర్లా పంపులు, లోపల వాతావరణ పీడనంలో వేలో వంతు కూడా లేని వాయువు. ఎసిటిలీన్ పోసి విద్యుత్తు పంపితే గొట్టం నిండా మెరుపు పరుచుకుంటుంది. అందులో వందల రకాల ముక్కలు పుడతాయి. మనకు కావలసిన రుణ అయాన్లు వాటిలో అత్యల్పం. గంట గడిచేసరికి గొట్టం గోడలకు గోధుమ రంగు జిగురు పట్టేస్తుంది. దాన్ని గీకి కడిగి మళ్లీ మొదటి నుంచి. ఒకసారి నాకు ఎసిటిలీన్ గొట్టంలో ఎవరూ రాయని గీతలు కనిపించాయి. మూడు వారాలు నిద్ర లేకుండా వాటిలో నిచ్చెన వెతికాను. చివరికి అవి అసిటోన్ గీతలని తేలింది. ఎసిటిలీన్‌ను సిలిండర్లలో అసిటోన్‌లో కరిగించి నింపుతారు. సిలిండరు ఖాళీ అవుతున్నకొద్దీ ఆ ఆవిరి వాయువుతో పాటు బయటికి వస్తుంది. ఆ రోజు నుంచి ఎసిటిలీన్‌ను చల్లని వలయం గుండా పంపి అసిటోన్‌ను గడ్డకట్టించి ఆపాకే గొట్టంలోకి వదిలేదాన్ని. కొత్త అణువును కనుక్కున్నామని చెప్పే ముందు ఇలాంటివి ఎన్ని తోసిపుచ్చాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇలాంటి పరీక్షల్లో ఇంకొకటి, హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం పెట్టి చూడడం. గొలుసు కొసన హైడ్రోజన్ ఉన్న మాట నిజమైతే, బరువు పెరిగిన మేరకు నిచ్చెన మెట్లు లెక్క ప్రకారం దగ్గరవుతాయి.

2006లో హార్వర్డ్-స్మిత్సోనియన్ కేంద్రంలో మెకార్తీ, గాట్లీబ్, గుప్తా, థాడియస్ ఈ పని చేసి చూపించారు. ప్రయోగశాలలో సి6హెచ్ రుణ అయానును పుట్టించి కొలిస్తే మూల సంఖ్య 1,376.863 మెగాహెర్ట్జ్ వచ్చింది. పదకొండేళ్లుగా ఊరూ పేరూ లేకుండా పడి ఉన్న బి1377 అదే. అంతటితో ఆగకుండా వెస్ట్ వర్జీనియాలోని 100 మీటర్ల గ్రీన్ బ్యాంక్ టెలిస్కోపును టీఎంసీ-1 వైపు తిప్పారు. అక్కడ కూడా 11,015, 13,769 మెగాహెర్ట్జ్‌ల దగ్గర రెండు గీతలు దొరికాయి. ఆ మేఘం మన నుంచి సెకనుకు సుమారు 5.8 కిలోమీటర్ల వేగంతో దూరమవుతున్నట్టు మిగతా అణువుల ద్వారా ముందే తెలుసు. ఆ వేగానికి 11,015 దగ్గరి గీత 0.2 మెగాహెర్ట్జ్ కిందికి జరగాలి, అలాగే జరిగింది. గీత మందం అందులో పదో వంతు కూడా ఉండదు కాబట్టి, వేరే ఏ గీతో పొరపాటున అక్కడే వచ్చి కూర్చునే అవకాశం చాలా తక్కువ.

టెలిస్కోపు తన పని 1995లోనే ముగించింది. ఆలస్యమైంది నేల మీద, గాజు గొట్టంలో. ఇది మొదటిసారి కూడా కాదు. 1970లో 89 గిగాహెర్ట్జ్ దగ్గర దొరికిన ఒక గీతకు ఎవరిదో తెలియక 'ఎక్సోజెన్' అని పేరు పెట్టారు. అది హైడ్రోజన్, కార్బన్, ఆక్సిజన్ ఉన్న ధన అయాను అని క్లెంపరర్ అనే శాస్త్రవేత్త వెంటనే ఊహించినా, ప్రయోగశాలలో రుజువు కావడానికి 1975 దాకా ఆగాల్సి వచ్చింది. కొత్త టెలిస్కోపు కడితే పత్రికలన్నీ రాస్తాయి. గోధుమ రంగు జిగురు గీకే గదుల గురించి ఎవరూ రాయరు. ఆ గదులు మూతపడితే ఆకాశంలో పేరు లేని గీతలు అలాగే పోగుపడతాయి. నేను ఆందోళనతోనే ఈ మాట అంటున్నాను.

ప్రశ్న: అక్కడ ఇవి ఎంత మోతాదులో ఉన్నాయి? సిద్ధాంతం చెప్పినంత ఉన్నాయా?

జవాబు: కొన్ని ఉన్నాయి, కొన్ని లేవు. టీఎంసీ-1లో ప్రతి వంద సి6హెచ్ అణువులకు రెండు మూడు రుణ అయాన్లు ఉన్నాయి. గొలుసు ఎనిమిది కార్బన్లకు పెరిగితే ఆ వాటా ఇంకా ఎక్కువ. ఎలక్ట్రాన్ పొడవైన గొలుసులోనే నిలుస్తుందన్న మాటకు ఇవి సరిపోతాయి. తంటా అంతా నాలుగు కార్బన్ల గొలుసుతో వచ్చింది. 2007లో సెర్నికారో బృందం స్పెయిన్‌లోని 30 మీటర్ల టెలిస్కోపుతో ఐఆర్‌సీ+10216 చుట్టూ సి4హెచ్ రుణ అయానును కనిపెట్టింది. మామూలు సి4హెచ్ అణువులు 4,200 ఉంటే రుణ అయాను ఒకటి! సిద్ధాంతం చెప్పినదానికంటే ఎంతో తక్కువ. నాలుగుకూ ఆరుకూ మధ్య అంత అగాధం ఎందుకన్నది ఇప్పటికీ పూర్తిగా తేలని లెక్క. ఎలక్ట్రాన్ అతుక్కునే వేగాన్ని ప్రయోగశాలలో అంత చలిలో, అంత పలుచని వాయువులో నేరుగా కొలవడం కష్టం. అందుకే ఈ లెక్కలన్నీ కాగితం మీదే నడుస్తున్నాయి.

ప్రశ్న: ఇప్పటిదాకా ఎన్ని దొరికాయి? అన్నీ కార్బన్ గొలుసులేనా?

జవాబు: నాకు ఖాయంగా తెలిసినవి చెబుతాను. హైడ్రోజన్ కొసన ఉన్నవి నాలుగు, ఆరు, ఎనిమిది, పది కార్బన్ల గొలుసులు. నైట్రోజన్ కొసన ఉన్నవి ఒకటి, మూడు, ఐదు, ఏడు కార్బన్లవి. ఒక వరసలో అన్నీ సరి సంఖ్యలు, రెండో దానిలో అన్నీ బేసి సంఖ్యలు కావడం గమనించారా?

వీటిలో రెండింటి గురించి మాత్రం కొంచెం చెప్పాలి. ఒక కార్బన్, ఒక నైట్రోజన్ మాత్రమే ఉన్న సయనైడ్ రుణ అయాను 2010లో ఐఆర్‌సీ+10216 దగ్గర దొరికింది. రెండే పరమాణువులు! మిగిలిన శక్తిని పంచుకోవడానికి దానిలో చోటే లేదు. కాబట్టి అది ఎలక్ట్రాన్ వచ్చి అతుక్కోవడం వల్ల పుట్టి ఉండదు. పొడవైన కార్బన్ రుణ అయాన్లు నైట్రోజన్ పరమాణువుతో చర్య జరిపి విరిగినప్పుడు పుడుతుందని భావిస్తున్నారు. రెండోది, 2023లో టీఎంసీ-1లో గ్రీన్ బ్యాంక్ టెలిస్కోపుతో గుర్తించిన పది కార్బన్ల గొలుసు. అంత పొడవైన అణువు గీతలు విడివిడిగా రొదలో మునిగిపోయేంత బలహీనంగా ఉంటాయి. అయితే నిచ్చెన మెట్లు ఎక్కడెక్కడ ఉండాలో లెక్క ద్వారా ముందే తెలుసు కాబట్టి, ఆ చోట్లన్నింటి సంకేతాలనూ ఒకదాని మీద ఒకటి పేర్చి కూడితే రొద అణిగి గీత పైకి తేలుతుంది. నా కాలంలో ఇలాంటి పని ఊహకు కూడా అందేది కాదు.

ప్రశ్న: శని ఉపగ్రహం టైటాన్ మీద కూడా రుణ అయాన్లు ఉన్నాయని విన్నాను. అవీ ఇవీ ఒకటేనా?

జవాబు: దగ్గరి చుట్టాలే. కసీని వ్యోమనౌక టైటాన్ పైవాతావరణం గుండా దూసుకుపోతూ వాటిని నేరుగా పట్టుకుంది. కొన్నింటి బరువు హైడ్రోజన్ పరమాణువుకు పది వేల రెట్లు దాటింది. 1986లో జొట్టో నౌక హేలీ తోకచుక్క దగ్గర కూడా రుణ అయాన్లను చూసింది. ఒక్క తేడా ఉంది. అక్కడ పరికరంలోకి వచ్చి పడ్డది రుణావేశమేనని అనుమానం లేకుండా తెలుస్తుంది, కానీ బరువు స్థూలంగానే తెలుస్తుంది కాబట్టి అణువు ఎవరో చెప్పడం కష్టం. టీఎంసీ-1లో అందుకు సరిగ్గా తలకిందులు. పేరు ఆరేడు అంకెల దాకా కచ్చితం, ఆవేశం మాత్రం మనం తర్కంతో చేరుకున్నది.

ప్రశ్న: మేడమ్, నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. నాకు టెలిస్కోపు లేదు. ఇలాంటి పని నేను చేయగలనా?

జవాబు: చేయగలవమ్మా. నీకు కావలసింది కాగితం, పెన్సిలు. సయనైడ్ రుణ అయాను మొదటి మూడు గీతలు ఇవి: 112,264.8, 224,525.1, 336,776.4 మెగాహెర్ట్జ్. రెండోది మొదటిదానికి రెట్టింపు, మూడోది మూడు రెట్లు కావాలి. గుణించి చూడు. రెండోది 4.5 తగ్గుతుంది, మూడోది 18 తగ్గుతుంది. కొలతలో తప్పేమీ లేదు. అణువు వేగంగా తిరిగేకొద్దీ, దారానికి కట్టి తిప్పిన రాయి దారాన్ని లాగినట్టు, కార్బన్, నైట్రోజన్ ఒకదాని నుంచి ఒకటి కొంచెం దూరం జరుగుతాయి. పొడవు పెరిగితే మెట్లు దగ్గరవుతాయి. ఆ తగ్గుదల ఇష్టం వచ్చినట్టు ఉండదు. గీత సంఖ్యను దానితోనే రెండుసార్లు గుణించి, అందులోంచి ఆ సంఖ్యను తీసేయాలి. రెండో గీతకు ఎనిమిదిలోంచి రెండు తీస్తే 6. మూడో గీతకు ఇరవై ఏడులోంచి మూడు తీస్తే 24. 4.5, 18ల నిష్పత్తి కూడా అదే కదా. ఇప్పుడు నాలుగో గీత ఏ మెగాహెర్ట్జ్ దగ్గర ఉండాలో లెక్క కట్టి నాకు రాయి. నా లెక్క వచ్చే సంచికలో ఇస్తాను.